న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియాకి కారులో: నిద్రొచ్చే హైవే ఏది, నడుం విరిగే హైవే ఏది?

పెట్టేబేడా:

అందరికీ నమస్తే. నవంబర్ రెండో వారంలో ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి బే ఏరియాకి (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి) వెళ్తున్నాం. సామాను మూవర్స్‌కి ఇచ్చేశాం, మా ఆవిడ, పాప విమానంలో వస్తారు, కారు మాత్రం నేనే నడుపుకుంటూ పోదామని. కారుని ట్రక్కెక్కించి పంపడానికి అడిగిన డబ్బు చూసి గుండె ఆగినంత పనైంది, అదొక కారణం. రెండోది, ఈ దేశానికొచ్చి తొమ్మిదేళ్ళయినా మధ్యలో ఉన్న రాష్ట్రాలన్నీ విమానం కిటికీలోంచి చూడటమే తప్ప నేల మీద కాలు పెట్టింది లేదు.

నాతో పాటు మా నాన్న వస్తున్నారు. ఆయనకి అరవై ఆరు. ఇక్కడ లైసెన్సు లేదు కాబట్టి డ్రైవింగ్ మొత్తం నాదే, ఆయన పక్క సీట్లో కూర్చుని గాల్లో బ్రేకులు వేస్తుంటారు. రోజుకి 550 మైళ్ళు మించకుండా నడిపి, చీకటి పడేసరికి ఏదో ఒక మోటెల్‌లో పడిపోవాలని ప్లాన్.

అందమైన రూటు చెప్పండి అని అడగట్లేదు, అలాంటి వీడియోలు చూసీ చూసీ కళ్ళు పోయాయి. నాకు రివర్స్‌లో కావాలి. ఎక్కడ నిద్రొస్తుంది, ఎక్కడ గుంతలకి టైరు పోతుంది, అవి చెప్పండి. వీలైతే తప్పించుకుంటాను, లేకపోతే పొద్దున్న పూట ఓపికున్నప్పుడే దాటేస్తాను. ఐ-80 (ఐ అంటే ఇంటర్‌స్టేట్, రాష్ట్రాలు దాటి పోయే పెద్ద హైవే) మా ఇంటికి పది నిమిషాల దూరంలో టీనెక్‌లో మొదలవుతుంది, ఎక్కి కూర్చుంటే 2,900 మైళ్ళు, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగడమే. మ్యాప్ కూడా అదే చూపిస్తోంది. అలా కాకుండా ఐ-70 గానీ, ఇంకా కిందకి దిగి ఐ-40 గానీ పట్టుకోవడం మేలా?

నాలుగోగేర్:

ఈ ఐ-80 రెండుసార్లు చేశాను బ్రో, ఒకసారి అటు, ఒకసారి ఇటు. మొదటిసారి తెలియక చేశాను, రెండోసారి ఎందుకు చేశావని ఇప్పటికీ మా ఇంట్లో అడుగుతుంటారు.

వరసగా చెప్తాను. న్యూజెర్సీ దాటగానే పెన్సిల్వేనియా, 311 మైళ్ళు. వినడానికి బాగానే ఉంటుంది, కొండలు, అడవులు. కానీ చాలా దూరం రెండే లేన్లు, కుడి లేన్‌లో లారీల రైలు, ఎడమ లేన్‌లో ఆ లారీని గంటకి ఒక మైలు ఎక్కువ స్పీడుతో ఓవర్‌టేక్ చేస్తున్న ఇంకో లారీ, దాని వెనక మనం. టోల్ లేదు కదా, అందుకని చాలామంది లారీవాళ్ళు టోల్ కట్టాల్సిన టర్న్‌పైక్ హైవే వదిలేసి ఇటు వస్తారు. రోడ్డు అతుకుల బొంత. ఒక అతుకు మీద ఇంకో అతుకు, బ్రిడ్జి వచ్చిన ప్రతిసారీ ఎక్కేటప్పుడు ఒక దెబ్బ, దిగేటప్పుడు ఒక దెబ్బ. అయితే ఒకటి, ఇక్కడ నిద్ర రాదు. రానివ్వదు.

ఒహాయో, ఇండియానా టోల్ రోడ్లు. నున్నగానే ఉంటాయి, కానీ డబ్బులిచ్చి మరీ బోరు కొనుక్కున్నట్టుంటుంది. అయోవా పర్లేదు, నేల కొంచెం అలలు అలలుగా లేచి పడుతుంటుంది, వాల్కట్ దగ్గర ప్రపంచంలోనే పెద్ద ట్రక్ స్టాప్ అని బోర్డు పెట్టుకున్నది ఒకటుంది, అక్కడ ఆగి కాళ్ళు చాపుకోండి. ఎందుకంటే తర్వాత వచ్చేది నెబ్రాస్కా.

నెబ్రాస్కా 455 మైళ్ళు. మైల్ మార్కర్లు పడమటి సరిహద్దు నుంచి లెక్క పెడతారు కాబట్టి మీరు ఒమాహాలో అడుగు పెట్టగానే 455 కనిపిస్తుంది, అక్కడి నుంచి 454, 453, అలా సున్నా దాకా. జైల్లో గోడ మీద గీతలు కొట్టుకున్నట్టే. లింకన్ దాటాక గ్రాండ్ ఐలాండ్ వైపు సుమారు 72 మైళ్ళు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, దేశం మొత్తం ఇంటర్‌స్టేట్లలో అంత పొడవు తిన్నటి ముక్క ఇంకోటి లేదంటారు. స్టీరింగ్ మీద చెయ్యి ఎందుకుందో మర్చిపోతాం. బోరంటే నవ్వులాటగా చెప్తున్నాననుకోకండి, నాకు జరిగింది ఇది: గోథెన్‌బర్గ్ ఎగ్జిట్ చూసినట్టు గుర్తుంది, తర్వాత ఒగలాలా బోర్డు గుర్తుంది, మధ్యలో ఎనభై అయిదు మైళ్ళు ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కారు లేన్‌లోనే ఉంది, పాటలు మోగుతూనే ఉన్నాయి. ఒళ్ళు చల్లబడిపోయింది తల్చుకుంటే. దీన్ని హైవే హిప్నాసిస్ అంటారట. అప్పటి నుంచి ఏమీ అనిపించకపోయినా సరే గంటన్నరకొకసారి రెస్ట్ ఏరియాలో దిగి రెండు చుట్లు నడుస్తాను.

ఇక వయోమింగ్. అది బోరు కాదు, భయం. లారమీకీ రాలిన్స్‌కీ మధ్య ఎల్క్ మౌంటెన్ పక్కనుంచి వెళ్ళే ముక్క ఉంది, 1970లో తెరిచారు. పాత హైవే యూఎస్ 30 ఉత్తరం వైపు నుంచి మెడిసిన్ బో మీదుగా చుట్టు తిరిగి పోతుంది, అక్కడివాళ్ళు ఈ అడ్డదారి వద్దు, గాలులకి, మంచుకి తట్టుకోలేరు అని అప్పుడే మొత్తుకున్నారు, వినలేదు. ఇప్పుడు చలికాలంలో ఆ ముక్క మూతపడటం మామూలు, రైల్వే గేటు లాంటి గేట్లు రోడ్డుకి అడ్డంగా దించేస్తారు. మంచు పడకపోయినా ఒట్టి గాలికే ఖాళీ లారీలు పక్కకి పడిపోతాయి. నవంబర్ అంటున్నారు కాబట్టి ఒకరోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.

తంగేడుపువ్వు:

నెబ్రాస్కాకే ఇంత ఏడిస్తే ఎలా అన్నా, మీరు టెక్సస్‌లో ఐ-10 చూసినట్టు లేదు. 880 మైళ్ళు. ఒక్క రాష్ట్రం. లూసియానా నుంచి లోపలికి రాగానే ఆరెంజ్ అనే ఊరి దగ్గర ఒక బోర్డు ఉండేది, బోమాంట్ 23, ఎల్ పాసో 857 అని. నేను మొదటిసారి చూసి ఏదో ప్రింటింగ్ తప్పు అనుకున్నాను. ఎల్ పాసోలో ఉన్నవాళ్ళకి హ్యూస్టన్ కన్నా కాలిఫోర్నియాలో ఉన్న శాన్ డియాగో దగ్గర, నమ్మకపోతే మ్యాప్‌లో కొలుచుకోండి.

శాన్ ఆంటోనియో దాటి కొంత దూరం పోయాక స్పీడ్ లిమిట్ 80. రోడ్డుకి వంక పెట్టలేం, బాగుంటుంది. అదే ప్రాబ్లమ్. ఓజోనా, ఫోర్ట్ స్టాక్టన్, వాన్ హార్న్, ఈ పేర్లు వినడానికి ఊళ్ళే గానీ ఒక్కోదానికీ మధ్య గంట, గంటన్నర. పొదలు, కంచె, పొదలు, కంచె. గాలిమరలు కనిపిస్తే పండగ. మా ఆయన ఒకసారి ఇంకో బంకు వస్తుందిలే అని సగం ట్యాంకుతో ముందుకి పోయాడు, ఏసీ ఆపేసి, కిటికీలు దించి, నలభై మైళ్ళు ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. సగం అయితే నింపేయండి, అంతే, అక్కడ అదొక్కటే రూలు.

ఇంకో విషయం, ఇది వీసా మీద ఉన్నవాళ్ళందరికీ. ఐ-10 మీద సియెరా బ్లాంకా దగ్గర తూర్పుకి వచ్చేవాళ్ళకి బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంటుంది, దేశం దాటకపోయినా ఆపుతారు. పాస్‌పోర్టు, ఐ-94 (ఇది హైవే కాదు, దేశంలోకి వచ్చినట్టు చూపే కాగితం), వీసా కాగితాలు చేతికందే చోట పెట్టుకోండి. మేము డిక్కీలో సూట్‌కేసు అడుగున పెట్టి, ఎండలో, వెనక కార్లు ఆగి ఉండగా, లోపలి బట్టలతో సహా అన్నీ రోడ్డు మీద పరిచాం. పెట్టేబేడా గారూ, మీ నాన్నగారు విజిటర్ వీసా కదా, ఏ రూటైనా ఆయన పాస్‌పోర్టు పైనే ఉంచండి.

గతుకుల మాటకొస్తే టెక్సస్ కాదు, దాని పక్కనున్న లూసియానా. కాంక్రీటు పలకలు, పలకకీ పలకకీ మధ్య సందు, టడక్ టడక్ టడక్ అని గంటల తరబడి. మా బాబు ఆ తాళానికి కుర్చీలో ఊగుతూ నిద్రపోయాడు, నాకు మాత్రం తలనొప్పి పట్టుకుంది. అచాఫలాయా చిత్తడి మీద 18 మైళ్ళ బ్రిడ్జి ఒక్కటే చూడదగ్గది, అది కూడా ఏదైనా యాక్సిడెంట్ అయితే మధ్యలో ఒకటి రెండు చోట్ల తప్ప దిగడానికి దారి లేదు.

బాటసారి:

మధ్యలో చిన్న డౌట్. ఇంటర్‌స్టేట్లలో ప్రతి 5 మైళ్ళకి ఒక మైలు తప్పనిసరిగా తిన్నగా వేశారట కదా, యుద్ధం వస్తే విమానాలు దిగడానికి. నెబ్రాస్కా అందుకే అంత తిన్నగా ఉందా?

తారుడబ్బా:

బాటసారి గారూ, అది ఒట్టి పుకారు. అలాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు, ఫెడరల్ హైవే వాళ్ళే ఎన్నోసార్లు కాదని చెప్పారు, అయినా చావదు. నెబ్రాస్కా తిన్నగా ఉండటానికి కారణం చాలా సింపుల్, ప్లాట్ నది లోయ బల్లపరుపుగా ఉంటుంది, అడ్డం ఏమీ లేదు, వంపు తిప్పితే ఖర్చు. బళ్ళలో పడమటికి వలస పోయినవాళ్ళూ ఆ లోయే పట్టుకున్నారు, తర్వాత రైలు పట్టాలూ అటే, తర్వాత హైవే. పని కూడా తేలికే కాబట్టి 1974లో తన ప్రధాన ఇంటర్‌స్టేట్ మొత్తం పూర్తి చేసిన మొదటి రాష్ట్రం అదే అయింది.

నేను ఈ పనిలోనే ఉన్నాను, రోడ్డు పైపొరలు డిజైన్ చేయడం. అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

అందరూ ఎండకీ వానకీ రోడ్డు పాడైపోయిందంటారు. సగమే నిజం. సన్నటి పగులులోంచి నీళ్ళు దిగుతాయి, రాత్రి గడ్డ కడతాయి, గడ్డ కడితే నీళ్ళు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, పగులు వెడల్పవుతుంది, పగలు కరిగి ఇంకా లోపలికి దిగుతాయి. మంచు ఎక్కువ పడటం కాదు, సున్నాకి అటూ ఇటూ ఎన్నిసార్లు ఊగుతుందన్నది లెక్క. నెలల తరబడి గడ్డకట్టి ఉండే చోటు కన్నా పెన్సిల్వేనియా లాంటి చోట, లేదా అరిజోనాలో 7,000 అడుగుల ఎత్తులో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి చోట, పగలు కరిగి రాత్రి గడ్డ కట్టే రోజులు చాలా ఎక్కువ. ఎడారి రాష్ట్రం కదా అని ఐ-40 మీద ధీమాగా పోయేవాళ్ళకి ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి యాష్ ఫోర్క్ దాకా తగిలే గుంతలకి కారణం ఇదే.

రెండో సగం లారీలు. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్‌లో ఒటావా అనే ఊరి దగ్గర గుండ్రంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు రాత్రింబవళ్ళు తిప్పుతూ ఎప్పుడు ఎలా పాడవుతాయో రాసుకున్నారు. దాంట్లోంచి వచ్చిన లెక్క ఇప్పటికీ మాకు బైబిలు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. మీ కారు, నా కారు రోడ్డుకి లెక్కలోకే రావు. నాలుగోగేర్ చెప్పిన ఆ లారీల రైలే రోడ్డుని తినేది, కుడి లేన్ ఎప్పుడూ ఎక్కువ పాడై ఉండటం మీరు గమనించే ఉంటారు.

ఇక డబ్బులు. ఇంటర్‌స్టేట్ అంటే ఫెడరల్ వాళ్ళదే అనుకుంటారు. కట్టేటప్పుడు వందలో తొంభై వాళ్ళు ఇచ్చారు, 1956 చట్టం ప్రకారం. కానీ రోడ్డు సొంతదారు రాష్ట్రం, రోజువారీ గుంతలు పూడ్చే ఖర్చూ రాష్ట్రానిదే. పెద్ద రిపేర్లకి ఫెడరల్ సాయం ఉంటుంది, ఆ సాయం పెట్రోలు పన్నులోంచి రావాలి, ఆ పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు, 1993 నుంచి అక్కడే ఉంది. అప్పటి 18.4 సెంట్లకి ఎంత తారు వచ్చేదో ఇప్పుడెంత వస్తుందో మీరే ఊహించుకోండి. అందుకే రాష్ట్రం సరిహద్దు దాటగానే టైర్ల చప్పుడు మారిపోతుంది, బోర్డు చూడక్కర్లేదు.

మేము గతుకుల్ని మైలుకి ఇన్ని అంగుళాలు అని కొలుస్తాం. 95 లోపు ఉంటే మంచి రోడ్డు, 170 దాటితే చెడ్డది. పెట్టేబేడా గారి దగ్గర ఆ మిషన్ ఉండదు గానీ కప్ హోల్డర్‌లో మూత వదులుగా ఉన్న స్టీలు ఫ్లాస్కు పెట్టుకుంటే చాలు, దాదాపు అదే చెప్తుంది.

నిద్రగన్నేరు:

నెబ్రాస్కాని అంత తీసిపారేయకండి బాబూ. నేను అక్కడ రెండేళ్ళు చదువుకున్నాను. మార్చిలో కర్నీ దగ్గర ప్లాట్ నది ఇసక తిన్నెల మీద కొంగలు దిగుతాయి, శాండ్‌హిల్ క్రేన్‌లు, లక్షల్లో, సాయంత్రం ఆకాశం నిండా అరుపులే. హైవేకి రెండు మైళ్ళ దూరంలో జరుగుతుంది అదంతా, మీరు 75లో పోతూ ఏమీ లేదు ఏమీ లేదు అంటారు. నవంబర్లో అవి ఉండవు, అది ఒప్పుకుంటాను.

నా ఓటు కాలిఫోర్నియాలోనే ఉన్న ఐ-5కి. లాస్ ఏంజెలిస్ వైపు కొండ దిగాక ట్రేసీ దాకా. అటు రెండు లేన్లు, ఇటు రెండు, లారీలకి లిమిట్ 55, కార్లవాళ్ళు 85, ఊళ్ళన్నీ పక్కనున్న 99 నంబరు హైవే మీద పెట్టి దీన్ని మాత్రం ఖాళీ నేల మీద గీశారు. కొయలింగా దగ్గర వేలాది పశువుల్ని ఒక్కచోట కట్టేసే దొడ్డి ఉంది, దాని వాసన కిటికీలు మూసినా, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కినా వస్తుంది. మీరు బే ఏరియాలో కాపురం పెడుతున్నారు కాబట్టి ఏడాదికి నాలుగుసార్లు దీని మీదే తిరుగుతారు. నెబ్రాస్కా జీవితంలో ఒక్కసారే.

నాలుగోగేర్:

నిద్రగన్నేరు గారూ, కొంగలు ఓకే గానీ మీరు చెప్పిన ఐ-5 ముక్క మొత్తం కలిపినా ఐదు గంటల లోపే. దాన్ని నెబ్రాస్కాతో పోల్చకండి ప్లీజ్.

గతుకుల గురించి ఇంకొకటి. మిడ్‌వెస్ట్‌లో ఒక రాష్ట్రంలో, పేరెందుకులే, రాత్రి వానలో గుంతలో పడి రెండు టైర్లూ ఒక రిమ్మూ పోయాయి. నీళ్ళు నిండి ఉంటే గుంత కనపడదు, మామూలు తడి రోడ్డులాగే మెరుస్తుంది. ఫోటోలు, బిల్లులు, మైల్ మార్కర్ నంబరు అన్నీ పెట్టి నష్టపరిహారానికి అప్లై చేస్తే మూడు నెలలకి ఉత్తరం వచ్చింది: ఆ గుంత గురించి అంతకు ముందు మాకెవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి మాకు బాధ్యత లేదు అని. అంటే నా ముందు ఇంకొకడు పడి, లేచి, ఫోన్ చేసి ఉండాలన్నమాట. స్పేర్ టైరులో గాలి చూసుకోండి, చాలా కొత్త కార్లలో స్పేరే ఉండదు, అది కూడా చూసుకోండి.

పెట్టేబేడా:

అందరికీ థాంక్స్. మా నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆయనకి నచ్చింది ఒక్కటే, 455 నుంచి సున్నా దాకా లెక్క. తారుడబ్బా గారూ, అయితే చివరికి ఐ-40 అంటారా, ఐ-80 అంటారా? ఐ-70 మాత్రం నేనే కొట్టేశాను, నవంబర్లో డెన్వర్ దాటాక 11,000 అడుగుల ఎత్తులో ఉన్న టన్నెల్ దాకా ఎక్కడం, తర్వాత యూటాలో గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా వందకి పైగా మైళ్ళు బంకు గానీ ఏమీ గానీ లేకపోవడం, నాన్నతో రిస్క్ వద్దనిపించింది.

తారుడబ్బా:

ఆ యూటా ముక్క అందానికి అందమే, చాలా మంచి రోడ్డు కూడా, కానీ మీ నిర్ణయం సరైనదే. బయల్దేరే ముందు రెండు రోజులు వయోమింగ్ వాతావరణం చూడండి. గాలి, మంచు లేవంటే ఐ-80. ఉన్నాయంటే ఐ-81 పట్టుకుని కిందకి దిగి టెన్నెసీలో ఐ-40 ఎక్కేయండి, దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి. వెళ్తూ దారిలో రోడ్ల పరిస్థితి చెప్పే రాష్ట్రాల 511 సైట్లు చూస్తూ ఉండాలి, మ్యాప్ యాప్‌ల కన్నా గేట్లు దించిన సంగతి అక్కడే ముందు తెలుస్తుంది. ఐ-80లో చివర కాలిఫోర్నియా కొండల్లో డోనర్ పాస్ అనే కనుమ దిగేటప్పుడు ఎత్తెత్తి వేస్తే కంగారు పడకండి, ఏళ్ళ తరబడి మంచులో చెయిన్లు కట్టిన టైర్లు కాంక్రీటుని గాడులు పడేలా అరగదీశాయి.

పెట్టేబేడా:

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను, చేరి పది రోజులైంది, ఇల్లు సర్దుకునేసరికి ఇప్పటికి తీరింది. ఐ-80లోనే వచ్చాం. మొత్తం ఏడు రోజులు.

ఫ్లాస్కు నిజంగానే పెట్టాం. పెన్సిల్వేనియాలో మూత ఆగకుండా గలగల, మధ్యాహ్నానికి నాన్న దానికి రబ్బరు బ్యాండు వేసేశారు, పరీక్ష అక్కడే ఆగింది, మళ్ళీ ఒహాయోలో బతిమాలితే తీశారు. టోల్ రోడ్ల మీద చప్పుడే లేదు. ఇల్లినాయ్‌లో అక్కడక్కడ. అన్నిటికన్నా గట్టిగా మోగింది డోనర్ దిగేటప్పుడే, తారుడబ్బా గారు చెప్పినట్టే.

ఇక నెబ్రాస్కా. నేను పొద్దున్నే రెండు కాఫీలు తాగి, పాటలు పేర్చుకుని, యుద్ధానికి పోతున్నట్టు ఒమాహాలో ఎక్కాను. యార్క్ దాటేసరికే నాకు ఆవలింతలు మొదలయ్యాయి. నాన్న మాత్రం కిటికీకి అతుక్కుపోయారు. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, ఆ సంగతి నాకు తట్టనే లేదు. మొక్కజొన్న కోతలైపోయి మోళ్ళు మిగిలిన పొలాలు, మధ్యలో చక్రాల మీద నిలబడ్డ పొడుగాటి నీటి గొట్టాలు. ఎందుకురా అంత స్పీడు, చూడనియ్యి అని ఒకటే గోల. చివరికి ఒక రెస్ట్ ఏరియాలో ఆపితే కంచె దాకా నడుచుకుంటూ వెళ్ళి, ఆ గొట్టం ఒక చుట్టు తిరిగితే ఎంత తడుస్తుందో చూడు అన్నారు. ఫోన్‌లో చూశాను, మామూలుగా ఒక్కోటి 130 ఎకరాల దాకా తడుపుతుందట. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పొద్దున్నుంచీ చూస్తున్నాను, పొలంలో ఒక్క మనిషి కూడా కనపడలేదేంట్రా అన్నారు. నేను అంతసేపూ రోడ్డునే చూస్తున్నాను, నాకది తెలీనే లేదు. కింద ఒగలాలా అనే భూగర్భ జలాల పొర ఉందని, దాన్ని తోడుతున్నారని చెప్తే, ఎన్నాళ్ళకి సరిపోతుంది అని అడిగారు, అక్కడి నుంచి వయోమింగ్ బోర్డు దాకా బోర్ల గురించే మాట్లాడుకున్నాం. మార్కర్లు 200 దగ్గర లెక్క పెట్టడం మర్చిపోయాం.

వయోమింగ్‌లో లారమీ దాటి అయిదు నిమిషాలకి గేటు దించేశారు. ఆకాశం నీలంగా ఉంది, మంచు చుక్క లేదు, ఒట్టి గాలి. వెనక్కి తిరిగి మోటెల్‌లో ఒక రాత్రి, అక్కడ లాబీ నిండా లారీ డ్రైవర్లే, ఒక పంజాబీ డ్రైవర్ నాన్నతో హిందీలో కూర్చున్నాడు, ఇద్దరికీ వచ్చింది అంతంత మాత్రమే అయినా పదకొండు దాకా లేవలేదు. పొద్దున్న గేటు తీశారు. ఎల్క్ మౌంటెన్ దగ్గర నా చేతులు స్టీరింగ్‌కి అంటుకుపోయాయి, కారు దానంతటదే అడుగు పక్కకి జరుగుతోంది, నాన్న గాల్లో బ్రేకులు వేయడం కూడా మానేసి పైన హ్యాండిల్ పట్టుకున్నారు.

యూటాలో ఆ తెల్లటి ఉప్పు మైదానం, అందరూ ఫోటోలు దిగే చోటు, ఆయన నోరు తెరిచి నిద్రపోయారు. వెండోవర్‌లో లేచి, ఏమైనా మిస్సయ్యానా అన్నారు. ఉప్పు అన్నాను.

తంగేడుపువ్వు గారూ, పాస్‌పోర్టు పైనే ఉంచాం, ఎవరూ అడగలేదు. వచ్చే ఏడాది ఆయన మళ్ళీ వస్తే టెక్సస్ చూద్దామంటున్నారు, ఆ 880 మైళ్ళలో పొలాలు ఏమైనా ఉన్నాయా, అన్నీ పొదలేనా?

తంగేడుపువ్వు:

పొదలే అండీ. మేకలు ఉంటాయి. జంక్షన్, సొనోరా దగ్గర చాలా ఉంటాయి, అంకుల్‌కి నచ్చొచ్చు.